సూదిమొన సంధిలో విద్యుత్తు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో, నగరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము కలదు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసిన ఊరది. ఊరి చెంతనున్న విశాలమైన చెరువు సైతము ఆతని కాలపుదేయని ప్రసిద్ధి. చెరువెంత పెద్దదైనను దాని నీరు పొలము చేరుటకు తూమే దారి. కట్టవెనుక నీరెంత నిలిచియున్నను, కాలువలో ఎంత పారవలెనో నిర్ణయించునది ఆ ఇరుకు దారియే. తూములో ఒక రాయి అడ్డుపడినను, తలుపు బెత్తెడు జరిగినను, ఆ తేడా దిగువ మడులలో వెంటనే తెలియును. కాలువలో నీరు తగ్గినప్పుడు నీరటి మొదట చూచునది చెరువును కాదు, తూమును.

విద్యుత్తునకును ఇట్టి తూములున్నవి. రెండు లోహపు తీగెల మొనలను మిక్కిలి మెల్లగా దగ్గరకు చేర్చి, తాకీ తాకనట్లు నిలిపినచో, ఆ రెంటి నడుమ కొలది పరమాణువుల వెడల్పుగల సంధి ఏర్పడును. తీగెలలోని ప్రవాహమంతయు ఆ సంధిగుండనే పోవలెను. అట్టి సంధిచెంతకు ఒక అయస్కాంతమును తెచ్చినచో ప్రవాహము మారునా? మారినచో ఎంత మారును? ఎందువలన మారును? ఈ మూడు ప్రశ్నల చరిత్రను మనము ఇచట పరిశీలింతము. ఈ కథ వయస్సు 150 ఏండ్లకు పైమాట. ఇందు చివరి అధ్యాయము 1999లో మొదలైన ఒక వివాదము. ఆ వివాదములో తేలవలసినది స్వల్పవిషయము కాదు. సమాచారమును భద్రపరచు యంత్రముల సామర్థ్యము ఒక్కమారుగా కొన్ని వందల రెట్లు పెరుగగలదా, లేక శాస్త్రజ్ఞుల కొలతలే వారిని మోసగించుచున్నవా యన్నది అందలి ప్రశ్న.

విద్యుత్తునకును అయస్కాంతమునకును చుట్టరికమున్నదని 1820లో కోపెన్‌హాగన్ నగరమున ఓర్‌స్టెడ్ పండితుడు నిరూపించెను. ప్రవాహము గల తీగె ప్రక్కన పెట్టిన దిక్సూచి ముల్లు కదలుటను ఆయన చూపెను. అయస్కాంతము లోహమునందలి ప్రవాహమును మార్చగలదా యన్న ఎదురుప్రశ్నకు జవాబు దొరకుటకు మరి 37 ఏండ్లు పట్టినది. ఆ జవాబు చెప్పినవాడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన విలియం థామ్సన్. లార్డ్ కెల్విన్ అను పేరున లోకమెరిగిన మహాశాస్త్రజ్ఞుడు ఆయనయే. 1857లో ఆయన ప్రకటించిన ఫలితము క్లుప్తముగా ఇది: ఇనుమును అయస్కాంతీకరించినప్పుడు, ఆ అయస్కాంత దిశవెంట పోవు ప్రవాహమునకు నిరోధము కొంచెము పెరుగును, దిశకు అడ్డముగా పోవు ప్రవాహమునకు కొంచెము తగ్గును. నికెలునందును ఇదే వరుస. మార్పు నూటికి కొలది పాళ్ళకు మించదు. కాని అంత చిన్న మార్పును ఆనాటి సాధనములతో పట్టుకొనుటయే ఆశ్చర్యకరము.

1879లో అమెరికాయందలి బాల్టిమోరు నగరమున ఎడ్విన్ హాల్ అను యువకుడు పలుచని బంగారు రేకులో ప్రవాహమును నడిపి, దానికి లంబముగా అయస్కాంత క్షేత్రమును పెట్టి చూచెను. ప్రవాహము ఒక ప్రక్కకు ఒరిగినట్లు రేకు అంచుల నడుమ స్వల్పమైన వోల్టేజి కనబడెను. ఎలక్ట్రానును జె. జె. థామ్సన్ గుర్తించుటకు 18 సంవత్సరముల పూర్వపు మాట యిది. ప్రవహించునది యేదో తెలియకమునుపే అది అయస్కాంతమునకు లొంగునని తేలినది.

ఇక ఇరుకుదారుల సంగతి. రెండు లోహఖండములు చిన్న వృత్తాకారపు తావున తాకినచో అచట ఎంత నిరోధ ముండునో 1873లో వెలువడిన తన ఉద్గ్రంథమున మాక్స్‌వెల్ లెక్కకట్టెను. ఆ వృత్తము చిన్నదైన కొలది నిరోధము పెరుగును. లెక్కలో సులభముగా కనిపించు ఈ సంధి, ప్రయోగములో మహా చంచలమైనదని తరువాత తెలిసినది. ఈ చంచలత్వమునుండియే మన రేడియో పుట్టినదని చెప్పిన అతిశయోక్తి కాదు. 1890లో పారిస్ నగరమున బ్రాన్లీ గాజుగొట్టములో లోహపు రజను నింపి విద్యుత్తును పంపగా, అది ఎంతో కష్టముమీద పోవుచుండెను. సమీపమున ఒక విద్యుత్స్ఫులింగము రేగినంతనే రజనుయొక్క నిరోధము ఒక్కసారిగా పడిపోవుచుండెను. గొట్టమును వ్రేలితో తట్టినచో మరల మొదటి స్థితికి వచ్చుచుండెను. రేణువులు తాకు తావులలో అతి సూక్ష్మమైన లోహపు వంతెనలు కట్టుకొనుట, తట్టిన తోడనే అవి తెగుట దీనికి కారణమని భావించిరి. ఆలివర్ లాడ్జి దీనికి కోహీరరు అని పేరు పెట్టెను. తొలినాటి నిస్తంత్రీ వార్తలను పట్టుకొనిన చెవి యిదే.

ఈ విషయమున భారతీయుని కృషియు స్మరింపదగినది. కలకత్తాలో జగదీశ చంద్ర బోసు మహాశయుడు కంటికి కనబడని విద్యుత్తరంగములతో దూరమునుండి గంట మ్రోగించి చూపుటతో ఊరకుండలేదు. ఏ లోహము ఏ లోహముతో తాకిన నిరోధమెట్లు మారునో వరుసగా పరీక్షించెను. తట్టనక్కరలేకయే తనంతట తాను పూర్వస్థితికి వచ్చు ఇనుము–పాదరసపు కోహీరరును 1899లో రాయల్ సొసైటీకి వివరించెను. ఇంటింట రేడియో పెట్టియలలోనికి తరువాత గాజు వాల్వులు వచ్చినవి, ఆ పిమ్మట ట్రాన్సిస్టరులు వచ్చినవి. కోహీరరును లోకము మరచినది. కాని కొలది పరమాణువుల సంధి మిక్కిలి చపలమైనదన్న పాఠమును ఆనాడే అది నేర్పియుండెను. ఆ పాఠము నూరేండ్ల తరువాత మరల అవసరపడినది.

ఈలోపల లోహమునందలి ప్రవాహమును గూర్చిన అవగాహన చాల మారినది. ఎలక్ట్రానుకు విద్యుదావేశము మాత్రమే గాక స్పిన్ అనబడు సహజగుణ మొకటి కలదని 1925లో ఊలన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను యువశాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. స్పిన్ వలన ప్రతి ఎలక్ట్రానును ఒక చిన్న అయస్కాంతమువలె ప్రవర్తించును. దానికి ఊర్ధ్వముఖము, అధోముఖము అని రెండు స్థితులు. 1936లో ఇంగ్లండునందలి నెవిల్ మాట్ దీనినుండి ఒక ముఖ్యమైన ఊహ చేసెను. ఇనుము, నికెలు వంటి అయస్కాంత లోహములలో ఈ రెండు జాతుల ఎలక్ట్రానులును రెండు వేరువేరు కాలువలవలె ప్రవహించునని, ఒక కాలువలో అడ్డంకులు తక్కువ, రెండవదానిలో ఎక్కువయని ఆయన మతము. థామ్సన్ నాటి చిన్న మార్పునకే గాక, తరువాత వచ్చిన పెద్ద మార్పులకును ఈ ఊహయే మూలకందమైనది.

రెండవ మార్పు సంధినిగూర్చినది. మాక్స్‌వెల్ లెక్క ప్రకారము ఎలక్ట్రానులు దారిపొడవునను ఢీకొనుచు జారిపోవును. కాని రెండు ఢీకొనుటల నడుమ ఎలక్ట్రాను సాగు దూరముకన్న సంధియే చిన్నదైనచో ఏమగును? అప్పుడు ఎలక్ట్రాను సంధిలో ఎచటను తగులక, తుపాకిగుండువలె నేరుగా దాటిపోవును. ఈ సంగతిని 1965లో సోవియట్ శాస్త్రజ్ఞుడు షార్విన్ వివరించెను. అంతకు పూర్వమే 1957లో ఐ.బి.యం. సంస్థలోని లాండావర్, విద్యుద్వాహకత్వమనగా ఎలక్ట్రాను తరంగములలో ఎన్నవవంతు అవతలికి చేరుననుటయేయని సూత్రీకరించెను. ఈ భావములు 1988లో ఫలించినవి. హాలండులోను ఇంగ్లండులోను రెండు బృందములు అర్ధవాహకములలో సన్నని సంధులు చేసి చూడగా, వాహకత్వము కాలువవలె క్రమముగా తగ్గక మెట్లుమెట్లుగా తగ్గినది. తెరచియుండు ఒక్కొక్క దారికి సుమారు 12,906 ఓముల నిరోధము వచ్చినది. 1998లో జపాను శాస్త్రజ్ఞులు బంగారపు మొనలను విడదీయుచు, తెగబోవు చివరిక్షణమున ఒక్కొక్క పరమాణువుగా నిలిచిన వంతెనను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచి, దాని వాహకత్వమును కూడ ఏకకాలమున కొలిచిరి. ఒక్క పరమాణువు వరుసకు ఒక్క మెట్టు. మాక్స్‌వెల్ కలముతో గీచిన తూము కంటికి కనబడినది.

1988వ సంవత్సరమే అయస్కాంతముల చరిత్రలోను గొప్ప సంవత్సరము. ఫ్రాన్సులో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రున్‌బర్గ్, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, ఇనుము, క్రోమియముల అతి పలుచని పొరలను ఒకదానిమీద నొకటి పేర్చి పరిశీలించిరి. ప్రక్కప్రక్క ఇనుప పొరల అయస్కాంత దిశలు ఎదురెదురుగా నున్నప్పుడు నిరోధము ఎక్కువ. బయటి క్షేత్రముతో వానిని ఒకే దిశకు త్రిప్పినచో నిరోధము తగ్గును. ఫెర్ట్ బృందపు బహుళపొరలలో, అతిశీతల స్థితిలో, అది దాదాపు సగమునకు పడిపోయినది. 1857నాటి మార్పు నూటికి కొలది పాళ్ళు. ఇచట ఏకముగా సగము. ఈ సూత్రముతో పనిచేయు చదువు మొనలను ఐ.బి.యం. వారు 1997లో కంప్యూటరు హార్డ్‌డిస్కులలో ప్రవేశపెట్టిరి. ఫెర్ట్, గ్రున్‌బర్గులకు 2007లో నోబెల్ బహుమానము లభించినది. పొరల నడుమ లోహమునకు మారుగా పలుచని విద్యున్నిరోధక పొరను పెట్టు మరియొక పద్ధతిలో గదివేడిమియందే మంచి ఫలితమును 1995లో చూపినవారిలో, మద్రాసు ఐ.ఐ.టి.లో పరిశోధన చేసి అమెరికాకు వెళ్ళిన జగదీశ్ మూడెర ఒకరు.

ఈ విజయముల వెనువెంటనే పరమాణు సంధినిగూర్చి ఒక పెద్ద ఆశ పుట్టినది. అయస్కాంత లోహములో అన్ని భాగములును ఒకే దిశను చూడవు. మండలములుగా విడిపోయి, ఒక్కొక్క మండలము ఒక్కొక్క దిశను చూచును. రెండు మండలముల నడుమ దిశ క్రమముగా తిరుగు సరిహద్దును గోడ యందురు. నికెలులో ఈ గోడ మందము ఇంచుమించు 100 నానోమీటరులు. మీటరును 100 కోట్ల భాగములు చేసినచో అందొక భాగమే నానోమీటరు. విశాలమైన మలుపులో ఎడ్లబండి సులభముగా తిరుగునట్లు, ఇంత మందపు గోడలో ఎలక్ట్రాను స్పిన్ మెల్లగా తిరిగి సాగిపోవును. కాని గోడ ఒక సన్నని సంధిలో ఇరుకుకొన్నచో అది సంధి యంతటి పొడవునకే కుదించుకొనిపోవునని 1999లో పాట్రిక్ బ్రూనో లెక్కవేసెను. అప్పుడు మలుపు సందుమూలవలె నిలువుగా నుండును. బండికి తిరుగుటకు తావు చాలదు. ఎలక్ట్రాను వెనుకకు మరలవలసివచ్చును. బయటి అయస్కాంతము గోడను తొలగించినచో దారి తెరచుకొనును. కాబట్టి చిన్న అయస్కాంతముతోనే నిరోధము చాలగా మారవలెను.

అదే యేట మాడ్రిడ్ నగరమున గార్షియా, మున్యోజ్, ఝావో అనువారు రెండు నికెలు తీగెల మొనల నడుమ ఏర్పడిన సంధిలో, గదివేడిమియందే, 100 ఓర్‌స్టెడ్‌ల స్వల్పక్షేత్రమున, నూటికి 200 పాళ్ళకు మించిన మార్పును కనుగొంటిమని ప్రకటించిరి. ఆ పిదప అంకెలు వేగముగా పెరిగినవి. 2002లో అమెరికాలోని బఫెలో నగరమున చోప్రా, హువా అనువారు విద్యుల్లేపన పద్ధతిని చేసిన నికెలు సంధులలో నూటికి 3,000 పాళ్ళకు పైబడిన మార్పును, 2003లో నూటికి 1,00,000 పాళ్ళ మార్పును ప్రకటించిరి. అనగా నిరోధము 1,000 రెట్లు మారినదన్నమాట. తల వెండ్రుకకన్న ఎంతో సన్ననైన సంధితో, ఇంట దొరకు అయస్కాంతమంతటి క్షేత్రముతో, ఇంతటి మార్పు! అనేక ప్రయోగశాలలు ఈ దారి పట్టినవి.

ఇచట మనము నీరటి ప్రశ్న వేయవలెను: నీటి గుణము మారినదా, లేక తూము తలుపు జరిగినదా?

అయస్కాంతీకరింపబడిన లోహము తన పొడవును స్వల్పముగా మార్చుకొనునని జూల్ పండితుడు 1842లోనే కనుగొనియుండెను. ఇనుము కొంచెము సాగును. నికెలు కొంచెము కుంచించుకొనును. నికెలులో ఈ మార్పు అధికపక్షమున 10 లక్షల పాళ్ళలో 34 పాళ్ళు మాత్రమే. మామూలు వ్యవహారమున దీనిని లెక్కపెట్ట నక్కరలేదు. కాని ఒక మిల్లీమీటరు పొడవుగల నికెలు తీగెకు ఎంత వచ్చునో చూతము. 34 నానోమీటరులు. నికెలులో ప్రక్కప్రక్కనున్న పరమాణువుల నడుమ దూరము ఇంచుమించు నానోమీటరులో నాలుగవవంతు. కనుక తీగెకొన 130కి పైగా పరమాణువుల దూరము జరుగును. సంధియో కొలది పరమాణువుల వెడల్పు గలది! అట్టి సంధి సగము తెగుటకు గాని, పూర్తిగా విడిపోవుటకు గాని, అంతలో సగపాలు కదలికయు అక్కరలేదు. విడిపోయిన పిదప ఖాళీ నానోమీటరులో పదవవంతు పెరిగిన ప్రతిసారియు ప్రవాహము సుమారు పదింట ఒకవంతునకు తగ్గును. ఇది చాలక, రెండు నికెలు మొనలు అయస్కాంతములై ఒకదాని నొకటి ఆకర్షించుకొనును. అయస్కాంతమును త్రిప్పిన ప్రతిసారియు సంధి మూసికొనుచు తెరచుకొనుచు నుండవచ్చును. అప్పుడు నిరోధము 1,000 రెట్లు మారుటలో వింతయేమియు లేదు. బ్రాన్లీ గొట్టమును వ్రేలితో తట్టినప్పుడు జరిగినదే ఇచట అయస్కాంతము తట్టినప్పుడు జరుగుచున్నది.

ఈ అనుమానమును వాదముతో గాక కొలతతో తేల్చుటయే ఈ కథలో మెచ్చదగిన ఘట్టము. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థలో ఎగెల్‌హాఫ్, ఆయన సహచరులు సంధులను అనేక విధముల నిర్మించి, లోహపు కదలికలు ఎట్లెట్లు కొలతలోనికి చొరబడునో ఒక్కొక్కటిగా వేరుచేసి చూచిరి. యథార్థమైన భారీ ప్రభావమునకు తమకు ఆధారము దొరకలేదని 2004లో ప్రకటించిరి. అదే సంవత్సరమున ఫ్రాన్సులోని సాక్లే పరిశోధకులు, నికెలు సంధులలో తాము చూచిన మార్పులకు పొడవు మారుటయే కారణమని చూపిరి. హాలండు, స్పెయిను పరిశోధకులు మరియొక వైపునుండి పరీక్షించిరి. ఒక్క స్పిన్ జాతి మాత్రమే పోవుచున్నచో వాహకత్వము అరమెట్టుగా రావలెనని కొందరు చెప్పియుండిరి. జాగ్రత్తగా కొలిచిన సంధులలో అట్టి అరమెట్టు నిలువలేదు. 2006లో కార్నెల్ విశ్వవిద్యాలయమువారు సంధిని గట్టి ఆధారముమీద అంటునట్లు నిర్మించి, తీగెలు కదలుటకు వీలులేకుండ చేసి చూచిరి. వేల పాళ్ళ మార్పులు అచట కానరాలేదు.

అట్లని అయస్కాంతమునకు పరమాణు సంధిపై ప్రభావమే లేదని తలపరాదు. కదలిక తొలగిన పిదప నిలిచిన మార్పులు చిన్నవైనను నిజమైనవి, ఆసక్తికరమైనవి. అయస్కాంత దిశనుబట్టి సంధిలో తెరచియుండు దారుల సంఖ్య మారవచ్చునని 2005లో సిద్ధాంతకర్తలు చెప్పిరి. 2007లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు కోబాల్టు సంధిలో క్షేత్రదిశను త్రిప్పగా వాహకత్వము మెట్టుగా మారినదని ప్రకటించిరి. అదే యేడు కార్నెల్‌నుండి షీ, రాల్ఫ్ అనువారు, అట్టి మెట్లు సంధిలో ఒకటి రెండు పరమాణువులు తావు మారుటవలనను రావచ్చునని హెచ్చరించిరి. 2009లో స్పెయినులోని అలికాంటే పరిశోధకులు ఇనుము, కోబాల్టు, నికెలు సంధులలో కోండో ప్రభావపు లక్షణములను గుర్తించిరి. పెద్దలోహములో అయస్కాంతమైన పదార్థము, ఒక్క పరమాణువు సంధిగా మారినచోట వేరువిధముగా ప్రవర్తించునని దీనివలన తెలియుచున్నది. లోహఖండమునుగూర్చి నేర్చిన పాఠములను సంధికి యథాతథముగా అన్వయింప వీలులేదు.

ఈ చరిత్రయందు రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మేలు. ఫెర్ట్, గ్రున్‌బర్గుల పొరలు వేరు దేశములలో, వేరు చేతులలో, వేరు యంత్రములపై మరలమరల అదే ఫలితము నిచ్చినవి. పది సంవత్సరములలోపల అవి బజారునకు వచ్చినవి. నికెలు సంధులలోని మహాసంఖ్యలు కదలికను అరికట్టిన కొలది కరగిపోయినవి. రెండవవారిని మనము నిందింపరాదు. వారు తమ కొలతలను దాచక ప్రకటించిరి కనుకనే ఇతరులు వానిని పరీక్షింపగలిగిరి. జూల్ 1842లో కనుగొన్న చిన్న విషయము, బ్రాన్లీ గొట్టపు చపలత్వము, రెండును పుస్తకములలో ముందే యున్నవి. పరమాణువులంత చిన్న సంధిని చేయగల నేర్పు వచ్చినప్పుడు ఆ పాత సంగతులు క్రొత్త బరువును పొందినవి.

మన జిల్లాలలోని కళాశాలలలో భౌతికశాస్త్రము చదువు యువకులును యువతులును ఈనాడు అయస్కాంత క్షేత్రమును, నిరోధమును స్వయముగా కొలుచుచున్నారు. వారి కొలబద్దలు నూటికి ఒక పాలు మార్పును చూపిన దినమున, ఆ మార్పునకు కారణము ఎలక్ట్రానులా, లేక వేడికి సాగిన తీగెయా, వదులైన మరయా యని ముందుగా విచారించుట మంచిది. థామ్సన్ గ్లాస్గోలో చేసినదియు, ఎగెల్‌హాఫ్ బృందము చేసినదియు అదియే. కాలువలో నీరు తగ్గినదని చెప్పువాడు కట్టదిగి తూమును చేతితో తడిమి చూచి చెప్పినచో, ఆ మాటను ఆయకట్టు రైతులందరును నమ్ముదురు.